తెల్లరాయి ఉన్న చోట

రాతిరేవు పాళెం నుంచి రాయి కదిలి నేటికి పదకొండు రోజులు. ఆ రాయిని మొదట చూసి, అది ఊరికే పాతిన రాయి కాదని కనిపెట్టింది సుభాషిణే. తల్లోని పిన్ను తీసి, పొరలు పొరలుగా పేరుకున్న సున్నాన్ని గీకి, అడుగున ఉన్న ఓడ బొమ్మనూ పరాయి అక్షరాలనూ బయటికి తెచ్చింది ఆమే. మూడు వందల ఏళ్ల కిందట ఈ రేవులో వర్తకం చేసిన ఒలందా వాళ్ళు, అంటే డచ్చివాళ్ళు, తమ ఓడ కెప్టెను ఎవరో చనిపోతే పాతిన రాయి అని ఆమె భర్త, నెల్లూరులో ప్లీడరు పద్మనాభయ్య, తేల్చాడు. తేల్చి ఊరుకోలేదు. తాను కార్యదర్శిగా ఉన్న చరిత్ర మిత్రమండలికి కొత్తగా కడుతున్న భవనం గుమ్మంలో దాన్ని నిలబెట్టాలనుకున్నాడు. పాళెంలోని మొగవాళ్ళు పదహారు మంది, తమ వల తాళ్ళతో, వల లాగేటప్పుడు పాడే పాటతో, ఆ రాయిని ఇసకలోంచి పెకలించి బండికెక్కించారు. ఎవరూ అడగని సాయం. బండి కదులుతుంటే ఒక ఆడమనిషి రాయి మీద చెయ్యివేసి, "పోయి తొరగా రా" అన్నది. నెల్లూరు చేరేదాకా సుభాషిణి చెవిలో ఆ మాటే మెదిలింది. రాయిని సాగనంపుతూ మళ్ళీ రమ్మనడం ఏమిటి?

మళ్ళీ ఈ ప్రయాణానికి కారణం ఆహ్వానపత్రం. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం భవన ప్రారంభం. అచ్చువేసే కార్డు మీద రాయి దొరికిన చోటు ఫొటో ఉంటే నిండుగా ఉంటుందని పద్మనాభయ్యకు తోచింది. శుక్రవారం పొద్దున్నే స్నేహితుడి జీపులో, స్టూడియో క్రీస్తుదాసునూ అతని మూడుకాళ్ళ కెమెరానూ ఎక్కించుకుని బయలుదేరాడు. సుభాషిణి తానూ వస్తానంది.

"ఈ ఎండలో నీకెందుకు?"

"ఆ ఆడమనిషిని ఒక మాట అడగాలి."

"బండరాయితో మాట్లాడే మనిషిని నువ్వేం అడుగుతావు?" అని నవ్వాడు గాని వద్దనలేదు.

దారిలో ఆమె, "రాయి నిలబెట్టారా?" అని అడిగింది.

"మేస్త్రీ చేతిలో ఉంది. ఆదివారం చూద్దువుగాని."

వెనక సీట్లో క్రీస్తుదాసు దగ్గాడు. దుమ్ముకేమోనని సుభాషిణి పక్కనున్న చెంబులో నీళ్ళు అందించింది. అతను ఆమె ముఖం చూడకుండా తాగి చెంబు తిరిగి ఇచ్చాడు.

జీపు కాలవ గట్టు దాకానే. అక్కడ పడవలో అవతలికి దాటి, సరుగుడు తోపులో మైలు దూరం నడిస్తే పాళెం వస్తుంది. ఒకప్పుడు గోదాములుండిన చోట ఇప్పుడు మోకాలెత్తు ఇటుక గోడలు మిగిలాయి. పాళెం ఆడవాళ్ళు వాటి మీదనే చేపలు ఎండబోస్తారు. సముద్రంలో, ఒడ్డుకు రెండు వందల గజాల దూరంలో, పాత రేవుకట్ట కూలిన రాళ్ళు నల్లగా, అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. కిందటిసారి వచ్చినప్పుడు అవి పైకి కనిపించాయి. ఇవాళ సముద్రం పోటు మీద ఉంది. రాళ్ళున్న చోట నీళ్ళు కొంచెం నురగ కక్కుతున్నాయి, అంతే. ఆకాశం ఈశాన్యాన ఇనుప రేకులా మసకబారింది. కార్తీకం దగ్గరపడుతున్న రోజులు.

దిబ్బ ఎక్కుతుండగానే సుభాషిణికి ఒక మనిషి కనిపించింది. రాయి పెకలించిన గుంటలో, ఇసకలో దిగేసిన తెడ్డు పట్టుకుని ఒక ముసలామె నిలబడి ఉంది. తెడ్డుకు పైన తెల్లని గుడ్డ కట్టి ఉంది. తమను చూసే పండగలా జెండా ఎత్తిందనుకుని సుభాషిణి చెయ్యి ఊపింది. ముసలామె ఊపలేదు. తల కూడా తిప్పలేదు. సముద్రం వైపే చూస్తోంది.

"ఎవరు అవ్వా నువ్వు?" అడిగింది సుభాషిణి దగ్గరికొచ్చి.

"గురవమ్మను తల్లీ. ఈ పూట నా వొంతు."

వంతేమిటని అడిగేలోగా క్రీస్తుదాసు కెమెరా కాళ్ళు విప్పి, నల్లగుడ్డ కింద తల దూర్చాడు. "మంచి పోజు సార్. అవ్వని అట్టాగే ఉండమనండి."

"అవ్వ ఎందుకయ్యా మధ్యలో? చోటు పడాలి. గుంట పడాలి." పద్మనాభయ్య గొడుగు కొనతో ఉత్తరం దిక్కు చూపించాడు. "అవ్వా, నువ్వు అదుగో, ఆ నాగజెముడు పొద దాకా జరుగు."

ముసలామె ఆయన ముఖం చూసింది. సముద్రం చూసింది. వెనకాల ఎక్కడో దూరంగా చూసింది.

"ఆడికా సామీ?"

"ఆఁ, అక్కడికే."

"తెడ్డు గూడానా?"

"తెడ్డూ, గుడ్డా, అన్నీ. నీ ఆస్తి మాకెందుకు?"

గురవమ్మ తెడ్డు పీకింది. ఒక్కొక్క అడుగే లెక్కగా వేస్తూ పొద దాకా పోయింది. వెనక్కు తిరిగి, "ఇంక ఖాయంగా ఈడేనా సామీ? మార్చరు గదా?" అంది.

"ఖాయంగా అక్కడే. కదిలావంటే ఫొటోలో పడతావు," అన్నాడు పద్మనాభయ్య క్రీస్తుదాసు వైపు కన్నుగీటుతూ.

ఆమె తెడ్డును లోతుగా దిగేసి, మడమతో ఇసక తొక్కి తొక్కి గట్టిపరిచి, మళ్ళీ సముద్రం వైపు తిరిగింది. పెద్దవాళ్ళ మాట అంటే వీళ్ళకెంత గురి అనుకుంది సుభాషిణి. అలా అనుకుని మురిసినందుకు ఇంకో గంటలో తనను తాను క్షమించుకోలేకపోతుందని అప్పుడు తెలియదు.

ఫొటోలు అయ్యేసరికి మాలకొండమ్మ వచ్చింది. ఆ రోజు రాయి మీద చెయ్యివేసిన మనిషి ఈమే. నలభై ఏళ్లుంటాయి. భర్త మునెయ్య, పెద్దకొడుకు తెల్లారకముందే తెప్పమీద వేటకు పోయారు. "రాండమ్మా, రాండి. వస్తారని నిన్నట్నించీ చెప్తానే ఉండాను, ఎవురూ నమ్మలా," అంటూ ఇంటికి తీసుకుపోయింది.

తాటాకు ఇల్లు. ఒకటే గది. ముందు చిన్న పంచ. ఆ పంచ అలికిన తీరు చూసి సుభాషిణికి ముచ్చటేసింది. ముగ్గు గీతలు ఒక్కచోట కూడా తెగలేదు. కడిగిన చట్టీలు ఇసక మీద బోర్లించి ఉన్నాయి. మాలకొండమ్మ చాప పరిచి, తాటిబెల్లం ముక్కలూ చల్లటి నీళ్ళూ తెచ్చి పెట్టింది. పాళెం పెద్దకాపు పోలేరయ్య కూడా కర్ర ఊతగా వచ్చి, చాప అంచున కూర్చోకుండా నేల మీదే కూర్చున్నాడు. డెబ్భై దాటిన మనిషి. అతని పంచె అంచులో ఏదో కాగితం మడిచి దోపి ఉంది.

సుభాషిణి తెచ్చిన జరీ అంచు తెల్ల వెంకటగిరి చీర మాలకొండమ్మ చేతుల్లో పెట్టింది. మాలకొండమ్మ దాన్ని కళ్ళకద్దుకుని లోపల పెట్టి, ఒక చట్టి పట్టుకొచ్చి ముందు పెట్టింది.

"చూడమ్మా. ఇంత లావుంటే చాలా? ఇంకా గట్టిగా మెలేయాల్నా?"

చట్టి నిండా వత్తులు. పాత చీరలు చించి, పేని, ఒకే కొలతకు కోసిన వత్తులు. నూరు పైనే ఉంటాయి. బొటనవేలంత లావు.

"ఎందుకమ్మా ఇన్ని వత్తులు?"

"దీపానికి." మాలకొండమ్మ నవ్వింది. "ముప్పైనాలుగు ఇళ్ళు గదా, ఆడోళ్ళం వొంతులేసుకున్నాం. రోజుకో ఇల్లు. వొత్తి మాది. నూనె సర్కారోళ్ళదా, మాదా అని ఈళ్ళు పోట్లాడుకుంటుండారు. నేనన్నా, వచ్చినప్పుడు అమ్మను అడుగుదాంలే, ముందు వొత్తులు చేసుకోండి మే అని."

"ఏ దీపం?"

మాలకొండమ్మ పోలేరయ్య వైపు చూసింది. పోలేరయ్య మడిచిన కాగితం తీసి విప్పాడు. మడతల దగ్గర చిరిగి, చేపల వాసన పట్టిన కాగితం. మునసబు చేత రాయించిన అర్జీకి నకలు.

"రెండేళ్ళయ్యిందమ్మా ఇది పెట్టి," అన్నాడు. "ముత్యాలయ్యా, ఆయన కొడుకూ పొద్దుగూకినాక వస్తా రాళ్ళ మీద పడినారు. కొడుకు దొరికినాడు. ముత్యాలయ్య దొరకలా. అప్పుడు పెట్టినాం. మా తెల్లరాయి మింద ఒక దీపం పెట్టించండి సామీ, పొద్దుగూకినాక కూడా దారి కనపడతాది అని. జవాబు లేదు. ఇంక రాదులే అనుకున్నాం. అంతలో మీరొచ్చినారు. సున్నం గీకినారు. కొలతలేసినారు. పుస్తకంలో రాసుకున్నారు. అప్పుడన్నా మావాళ్ళతో, ఒరే, అర్జీ కదిలిందిరా అని."

సుభాషిణి ఆ కాగితం అందుకుని తేదీ చూసింది.

"రాయిని తీసుకపోతామంటే మావాళ్ళు కొంచెం ఎనకాడినారు," పోలేరయ్య అన్నాడు. "నేనే చెప్పినా. దీపం కూసోవాలంటే రాయికి తల తొలచాల, గూడు కట్టాల, ఈడ ఎవురు చేస్తారు, నెల్లూర్లో చేసి పంపిస్తారు అని. అయ్యగార్ని కూడా అడిగినా గదా. ఎన్నాళ్ళు పడతాది సామీ అంటే, అన్నిటికీ టైము పడతాది పెద్దాయనా అనె."

తాటిబెల్లం ముక్క సుభాషిణి అరచేతిలో కరుగుతోంది. ఆమె మెల్లగా భర్త వైపు తిరిగింది. ఆయన చేతిగడియారం చూసుకుంటున్నాడు.

"మీకు తెలుసా?"

"ఏమిటి తెలిసేది?"

"వీళ్ళు మనల్ని దీపం పెట్టే వాళ్ళనుకున్నారని."

"ఇక్కడ కాదు. లోపలికి రా, మాట్లాడదాం."

"లోపల ఎక్కడండీ? వీళ్ళకున్నది ఆ ఒక్క గదే. ఇక్కడే చెప్పండి."

పద్మనాభయ్య గొంతు సవరించుకున్నాడు. కోర్టులో ఆ గొంతు సవరింపు విని అవతలి సాక్షులు తడబడతారని చెబుతారు. "నా నోటినుంచి దీపమన్న మాట రాలేదు. ఎవరినైనా అడుగు. ఈ పెద్దాయన్నే అడుగు."

"కాదన్న మాట వచ్చిందా?"

"అది వీళ్ళ అపోహ, సుభాషిణీ. ఒకరి అపోహకు ఇంకొకరు జవాబుదారీ కారు."

"ముందురోజంతా కూలీలు దొరకలేదని ఇంట్లో చిందులు తొక్కారు. మర్నాడు పదహారు మంది ఊరికే వచ్చి భుజాలు పెడుతుంటే, ఎందుకు పెడుతున్నారని ఒక్క మాట అడగలేదు. అడిగితే తెలిసిపోతుందని కదా అడగలేదు?"

"గొంతు తగ్గించు."

"నా గొంతు ఉండవలసినంతే ఉంది."

నిజానికి ఆమె గొంతు పెరగలేదు. పదేళ్ల కాపురంలో ఆమె గొంతు పెంచిన రోజు లేదు. కాలేజీలో చదివిన పిల్ల కాబట్టి ఎక్కడ ఎదురు మాట్లాడుతుందోనని అత్తగారు మొదట్లో భయపడి, తర్వాత ఆ భయం మరిచిపోయింది. ఇవాళ కూడా ఒక్కొక్క మాటా పప్పులో రాయి ఏరినట్టు ఏరి ముందు పెడుతోంది. అదే పద్మనాభయ్యకు కష్టంగా ఉంది. అరిస్తే ఆడదాని కోపమని తోసెయ్యవచ్చు.

ఆమెకు తన మీద కూడా అసహ్యం వేస్తోంది. ఆ రోజు సున్నం గీకుతూ, "ఇంత గొప్ప రాతిని ఎలా పాడుచేశారో చూడండి" అన్నది తానే. "చదువు లేకపోతే అంతే" అన్నాడాయన. తాను తలూపింది.

"సరే," అన్నాడు పద్మనాభయ్య పోలేరయ్య వైపు తిరిగి, ఇక ఈ సంగతి ముగించాలన్నట్టు. "దీపం సంగతి నేను పైవాళ్ళతో మాట్లాడతాను. కాని చూడు పెద్దాయనా, ఇన్నేళ్ళూ దీపం లేకుండానే బతికారు. ఒక రాయి లేకపోతే మీకొచ్చిన నష్టమేమిటి?"

పోలేరయ్యకు ప్రశ్న అర్థమైనట్టు లేదు. మాలకొండమ్మకే అర్థమైంది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"నష్టమేందంటావేంది సామీ? సున్నం ఎందుకు కొట్టేది అనుకున్నావు? చూడను బాగుంటాదనా?"

జవాబు కోసం ఆమె ఆగలేదు.

"అమాసకొకసారి గుల్లలు ఏరుకోనొచ్చి కాల్చి, ఆ సున్నం మేం ఆడోళ్ళం కొడతాం. మా అమ్మ కొట్టింది, మా అవ్వ కొట్టింది. కొట్టకపోతే నల్లరాయి సముద్రంలో నుంచి యాడ కనపడతాది?" ఆమె లేచి పంచ అవతలికి చెయ్యి చాపింది. దూరాన, తోపు మీదుగా, తల తెగిన ఒక తాటి మొద్దు ఒంటరిగా కనిపిస్తోంది. "అదుగో మొండితాడి. ఆ తాడీ, దాని ముందర తెల్లరాయీ ఒకే గీతలోకొస్తే, అదే దారి. రెండు రాళ్ళ గుంపుల నడాన రెండు తెప్పలు పట్టేంత సందు, అంతే. పోటు మీద రాళ్ళు కనపడవు. తాడిని, రాయిని చూసుకోనే మావాళ్ళు లోపలికొచ్చేది. రాయి పక్కకి తాడి జరిగిందంటే రాళ్ళ మింద ఉండామని లెక్క."

"మరి ఈ పదకొండు రోజులూ?" సుభాషిణి అడిగింది.

"అందుకే గదా వొంతులు. తెప్పలు వచ్చే యాళకి ఆడోళ్ళం తెడ్డుకి తెల్లగుడ్డ కట్టి గుంటలో నిలబడుతుండాం. రాయి వచ్చేదాకా. ఇయ్యాళ గురవమ్మత్త..."

సుభాషిణి లేచింది. చేతిలోని బెల్లం ముక్క ఎక్కడ పడిందో తెలియదు. చెప్పులు పంచ ముందే ఉన్నాయి. వాటి కోసం ఆగలేదు.

"ఆమె గుంటలో లేదు," అంది. "మేం జరిపాం."

ఇసకలో పరుగు సాగదు. రెండడుగులు వేస్తే ఒకటి వెనక్కు పోతుంది. కుచ్చిళ్ళు చేత్తో పట్టుకుని దిబ్బ ఎక్కేసరికి ఆమెకు ఊపిరి అందలేదు. వెనకాల మాలకొండమ్మ, ఆ వెనక పాళెంలోని ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఇళ్ళలోంచి వస్తున్నారు. ఎవరూ ఏమైందని అడగడం లేదు. గుడ్డ ఎక్కడుందో వాళ్ళకు దూరం నుంచే తెలిసిపోయింది.

మొదటి తెప్ప అప్పటికే అలల్లో ఉంది. దాని మీద ఇద్దరు మనుషులు. గుడ్డ వైపు చూస్తూ, నమ్మకంగా, నేరుగా వస్తున్నారు. తెప్ప ఒక్కసారి ముందుభాగం పైకెత్తి ఆగిపోయింది. తర్వాతి అల దాన్ని ఎత్తి రాళ్ళమీద వేసింది. కట్లు తెగి దుంగలు విడిపోవడం ఒడ్డు మీదికి వినిపించింది.

ఒడ్డున ఉన్న మొగవాళ్ళు నీళ్ళలోకి దూకారు. ఇద్దరినీ పట్టుకొచ్చారు. ఒకడి మోచెయ్యి తిరగకూడని వైపు తిరిగి ఉంది. పళ్ళు బిగబట్టి, ఏడవకుండా, "గుడ్డ సూసే వచ్చినా, సరింగానే వచ్చినా," అని అదే మాట అంటున్నాడు.

రెండో తెప్ప ఇంకా దూరంలో, తెరచాప చుట్టేసి, ముక్కు ఇటు తిప్పుతోంది. మాలకొండమ్మ ఆ తెప్పను చూసి ఒక్కటే మాట అంది.

"మావాళ్ళు."

సుభాషిణి నాగజెముడు పొద దగ్గరికి ఉరికి తెడ్డు పట్టుకుని లాగింది. కదలలేదు. గురవమ్మ దాన్ని రెండు చేతులా వాటేసుకుంది. కళ్ళలోంచి నీళ్ళు కారుతున్నా చెయ్యి వదలలేదు.

"తియ్యబాకమ్మా. దొర ఖాయంగా ఈడేనన్నాడు. దీపం వచ్చే చోటు ఇదే కాబోలనుకున్నా. నేను అడిగే జరిగినా. రెండుసార్లు అడిగినా."

"ఆయనకు తెలియదు అవ్వా."

"దొరకు తెలీకపోవడమేంది?"

"తెలియదు. మాకేమీ తెలియదు. మేం దీపం వాళ్ళం కాము. వదులు అవ్వా."

గురవమ్మ చేతులు వాటంతట అవే వదిలాయి. మాలకొండమ్మ ఒక పక్క, సుభాషిణి ఒక పక్క తెడ్డు పెకలించి గుంటకు తెచ్చారు. సుభాషిణి గుంటలోకి దిగింది. మోకాళ్ళ లోతు. అడుగున రాయి కూర్చున్న ముద్ర ఇంకా చదరంగా ఉంది. ఆ ముద్రలో పాదాలు పెట్టి తెడ్డు రెండు చేతులా ఎత్తి పట్టుకుంది. గాలికి గుడ్డ ముడి సడలి రెపరెపలాడి జారింది. అందుకోబోయిన మాలకొండమ్మ చేతికి చిక్కకుండా ఎగిరి దిబ్బ కిందికి పోయింది.

మాలకొండమ్మ ఒక్క పరుగున ఇంటికి పోయి వచ్చింది. చేతిలో ఇందాక సుభాషిణి ఇచ్చిన వెంకటగిరి చీర. తెల్లచీర. మడత కూడా విప్పని చీరను దులిపి, సగం తెడ్డుకు చుట్టి ముడివేసింది.

దూరాన తెప్ప ఆగింది. ఎటు పోవాలో తెలియక ఒక అల మీద ఎక్కి, ఇంకో అల మీద దిగి, అక్కడే ఊగింది. వెనక తాడి తన తల వెనకే ఉందో లేదో తాను చూసుకోలేదు. చూడగలిగేది తెప్ప మీద ఉన్నవాళ్ళే. రాయి పని ఇదన్నమాట అనుకుంది. ఇన్నాళ్ళూ అది చేసింది ఇదే. ఎవరు చనిపోయారో చెప్పడానికి కాదు అది ఇక్కడ నిలబడింది.

తెప్ప ముక్కు దక్షిణానికి తిరిగింది. కొంచెం. మరికొంచెం. ఆ తర్వాత ఒక పెద్ద అల దాన్ని వీపున వేసుకుని, నల్లని రాళ్ళ గుంపులు రెండింటి మధ్య నుంచి, తలుపు తీసిన ఇంట్లోకి వచ్చినట్టు తెచ్చి ఇసక మీద దించింది.

మునెయ్య దిగి, కొడుకు భుజం మీద చెయ్యివేసి, గుంటలో ఉన్న మనిషిని ఆశ్చర్యంగా చూశాడు.

ఊరంతా దిబ్బ మీద చేరింది. పద్మనాభయ్య కూడా వచ్చాడు. బూట్లలో ఇసక పడి కుంటుతున్నాడు. విరిగిన చేతికి కట్టు కడుతున్న చోట ఒకసారి ఆగి, ముఖం తిప్పుకుని, భార్య దగ్గరికి వచ్చాడు.

"ఇక బయలుదేరదాం. వాన వచ్చేలా ఉంది. కాలవ దాటాలి."

సుభాషిణి గుంటలోనే ఉండి పక్కకు తిరిగింది. పోలేరయ్యతో మాట్లాడింది.

"పెద్దాయనా, నేను చెప్పేది అందరూ వినాలి. మీ అర్జీ ఎక్కడుందో మాకు తెలియదు. దీపం రావడం లేదు. మీ రాయిని మేం తీసుకుపోయింది మా గుమ్మం అలంకరించుకోవడానికి. మీరు పొరబడ్డారని ఈయనకు తెలుసు. తెలిసీ మోయించుకున్నారు. సున్నం గీకింది నేను."

తర్వాత మాలకొండమ్మ ఇంటికి పోయి, చట్టి తెచ్చి, వత్తులన్నీ పద్మనాభయ్య బూట్ల మీద కుమ్మరించింది. అరవలేదు, తిట్టలేదు. ఖాళీ చట్టిని చంకన పెట్టుకుని నిలబడింది. తిట్టినా బాగుండేదనిపించింది సుభాషిణికి.

"ఇదంతా అనవసరమైన రాద్ధాంతం," అన్నాడు పద్మనాభయ్య. ఆయన గొంతు ఈసారి సవరింపుకు లొంగలేదు. "నష్టపోయిన తెప్పకు మండలి తరఫున ఏదో ఒకటి చూస్తాం. సుభాషిణీ, పైకి రా."

"నేను రాను. మీరు వెళ్ళండి. వెళ్ళి రాయిని తీసుకురండి."

"ఆదివారం ప్రారంభం పెట్టుకుని..."

"రేపు తెప్పలు తిరిగొచ్చే వేళకు రాయి ఇక్కడుండాలి. అది వచ్చేదాకా అది ఉన్న చోట నేనుంటాను. ఈ ఆడవాళ్ళ వంతుల్లో ముందు వంతు నాది."

పోలేరయ్య కర్ర మీద ఆనుకుని ఆమెను చూశాడు. నమ్మిన ముఖం కాదు. ఒకసారి నమ్మి చూసిన ముఖం. "రేపు మద్దేనం," అన్నాడు పద్మనాభయ్యతో. "రాయి వస్తే మళ్ళీ మేమే మోసుకోనొస్తాం కాలవ కాడ్నించి. సున్నం మేం కొట్టుకుంటాం. మాకు రాయి చాలు సామీ, దీపం వొద్దు."

పద్మనాభయ్య వంగి బూట్ల మీది వత్తులు ఒక్కొక్కటే దులుపుకుంటున్నాడు. అన్నీ రాలిపోయాక కూడా వంగే ఉన్నాడు. ఆయన పైకి లేవకపోవడం సుభాషిణికి వింతగా తోచింది. ఏ మాటకైనా వెంటనే జవాబు చెప్పే మనిషి.

"తెస్తారు కదా?" అంది.

పద్మనాభయ్య ఖాళీ బూటును ఇంకోసారి దులిపాడు.

కెమెరా కాళ్ళు ముడుస్తున్న క్రీస్తుదాసు చేతులు ఆగిపోయాయి. జీపులో దగ్గినట్టే ఒకసారి దగ్గాడు. దిబ్బ మీద దుమ్ము లేదు.

"సార్ చెప్పరమ్మా, నేనే చెబుతాను," అన్నాడు. "రాయి గుమ్మానికి పొడవైంది, కోయించారు. నిన్న మేస్త్రీ షెడ్డులో నాలుగు ఫొటోలు తీశాను. ముక్కకు ఒకటి."